సంఘం కారు అద్దానికి ఐదు వారాలు

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. రాతలో తప్పులుంటే దిద్దుకొని చదవండి, లెక్కలో మాత్రం తప్పు లేదు.

మన సంఘం కారు వెనుక ఎడమ తలుపు అద్దం (మా ఇంట్లో కన్నాడి అంటాం, పండితులు కోప్పడవద్దు) పగిలి ఐదు వారాలు ప్లాస్టిక్ కవరుతో తిరిగింది. ఆ ఐదు వారాల్లో మనం చేసిందేమిటి? రెండు కార్యవర్గ సమావేశాలు. రెండింటిలోనూ ఒకటే ప్రశ్న, బంతి కొట్టిన పిల్లవాడు ఎవరు అని. వీధిలో పదిమంది ఆడుతారు, అందులో మన ఇండ్ల పిల్లలూ ఉన్నారు. పేరు తేలలేదు. తేలివుంటే ఎవరి గడప ముందు నిలబడి గొడవ పెట్టుకునేవాళ్ళమో!

ఈలోగా ఆ కారులోనే మన పెద్దక్క ఒకరు డయాలిసిస్‌కు పోయి వచ్చేవారు. ఒకరోజు సీటు సందులో మిగిలిన గాజు ముక్క అరచేతిలో గీసుకుంది. చిన్న గీతే. కానీ డయాలిసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు కదా, రక్తం తొందరగా ఆగలేదు. చేతిరుమాలు తడిసిపోయింది. ఆమె మనల్ని ఒక మాట అనలేదు. అందుకే మేము ఇది రాస్తున్నాం.

సమావేశంలో వచ్చిన సలహాలు రెండు. ఇన్సూరెన్సు క్లెయిమ్ చేద్దామన్నది మొదటిది. గాజుకు తరుగు కోయరు, నిజమే. కానీ మనది 1,500 సీసీ లోపు కారు, మొదటి 1,000 రూపాయలు మనమే భరించాలి. అద్దం, కూలి కలిపి మనకు పడింది 1,900. అంటే చేతికొచ్చేది 900. దానికోసం క్లెయిమ్ రాస్తే, ఇన్నేళ్ళు క్లెయిమ్ లేకుండా నడిపి సంపాదించుకున్న 50 శాతం బోనసు వచ్చే రెన్యువల్‌లో పోతుంది.

రెండో సలహా, ఫోటోలకు ఫ్రేము కట్టే కొట్టులో గాజు కోయించి పెడదామన్నది. చెప్పినవారు సంఘం డబ్బు మిగలాలనే చెప్పారు, మేము తప్పు పట్టడం లేదు. కానీ కారు తలుపుకు ఉండేది కాల్చి గట్టిపరిచిన గాజు. పగిలితే కలకండ ముక్కల్లా రాలుతుంది. దాన్ని తయారైన తరువాత కోయడం కుదరదు, కోస్తే మొత్తం పొడి అవుతుంది. ఫ్రేము కొట్టులో కోసేది మామూలు గాజు. అది పగిలితే కత్తుల్లా చీలుతుంది. ఆ పక్కన కూర్చునేది ఎవరో మళ్ళీ చెప్పాలా?

చివరికి మేమిద్దరం, మా ఆవిడా మేమూ, పుదుపేట పోయాం. కారు మోడల్, సంవత్సరం, ఏ పక్క, ఏ తలుపు అని కాగితం మీద రాసుకొని పోవాలి. లేకుంటే ఒకటికి ఒకటి ఇచ్చేస్తారు. ఐఎస్ఐ గుర్తున్న కొత్త అద్దమే అడిగాం. మేస్త్రి తలుపు లోపలి ప్లాస్టిక్ అట్ట విప్పి చూపించాడు. అడుగున పిడికెడు గాజు నూకలు. ఐదు వారాల వాన నీళ్ళు కూడా. నీరు కారిపోయే చిన్న రంధ్రాలను ఆ నూకలే మూసేశాయి. ఇంకొన్నాళ్ళు ఉంటే తలుపు అడుగు తుప్పు పట్టేదే. అంతా ఊడ్చి, అద్దాన్ని రబ్బరు గాడిలో దించి, పైకీ కిందికీ నాలుగుసార్లు తిప్పి చూపించాడు. గంటన్నరలో ముగిసింది.

గంటన్నర పనికి ఐదు వారాలు ఎందుకు పట్టింది? ఎవరికీ చెప్పకుండా 1,900 ఖర్చు పెట్టే అధికారం మనలో ఎవరికీ లేదు గనుక. మేము రైల్వేలో గుమాస్తాగా ఉన్నప్పుడు ఆఫీసులో ఇంప్రెస్ట్ అని కొంచెం డబ్బు ఉండేది. బల్బు పోయినా కుళాయి కారినా దానితో పని ముగించి, తరువాత రసీదు పెట్టేవాళ్ళం. పైసా తేడా వస్తే జవాబు చెప్పాలి. కానీ బల్బు కోసం పై అధికారి సంతకానికి కాచుకొని చీకట్లో కూర్చోలేదు.

మన కోశాధికారికి కూడా 3,000 వరకు అలా ఇద్దాం. వచ్చే సమావేశంలో తీర్మానం మేమే పెడతాం, వద్దనేవారు అక్కడే చెప్పండి. రసీదులు రెండూ మా దగ్గర ఉన్నాయి. ఆ 1,900 మాకు తొందర లేదు. ముందు సీటు కవర్లు విప్పి ఇంకోసారి దులపాలి, ఆదివారం ఉదయం చేతులు ఖాళీగా ఉన్నవారు ఇద్దరు రండి.