పొయ్యి సరే, పొగగొట్టం ఎవరిది?

గ్యాస్ వచ్చాక ఇంకా కట్టెల పొయ్యేమిటని మైదానంలో ఉండే మా చుట్టాలు నవ్వుతారు. డిసెంబరులో పాడేరు వచ్చి, ఒక్క తెల్లవారుజామున చన్నీళ్లు ముట్టుకుంటే ఆ మాట అనరు. సిలిండరు ఉన్నా మాకు స్నానాల నీళ్లు కాగేది, చేతులు కాచుకునేది పొయ్యి దగ్గరే. పొయ్యి ఉంటే తప్పేం లేదు. పొగగొట్టాన్ని గాలికొదిలేయడమే నాకు నచ్చదు.

1980ల్లో ప్రభుత్వం పొగలేని పొయ్యిలు పంచింది. చాలాచోట్ల గొట్టం దులిపేవాళ్లు లేక కూడా అవి మూలపడ్డాయి. వంట ఆడవాళ్లదట, కప్పెక్కే పని మాత్రం ఎవరిదీ కాదు! పచ్చికట్టె పెడితే గొట్టం లోపల జిగురు మసి పేరుకుంటుంది. దారి ఇరుకై పొగ ఇంట్లోకే తిరుగుతుంది. ఒక్కోసారి ఆ మసే అంటుకుని మంట కప్పుకి పాకుతుంది. కాఫీ పళ్ల కోత మొదలైతే ఎవరికీ తీరిక దొరకదు కాబట్టి దసరాకే దులిపించాలి. పొయ్యి పూర్తిగా చల్లారాక, తాడుకి బరువూ గోనెగుడ్డా కట్టి పైనుంచి దించి లాగితే మసి రాలిపోతుంది.

అన్నిటికన్నా నాకు భయం కుంపటి. పొగ లేదు కదా అని నిప్పులు పడకగదిలో పెట్టి, చలికి తలుపులు బిగిస్తారు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బాలింత గదిలో అయితే మరీ ప్రమాదం. పెద్దవాళ్లు కోప్పడినా సరే, కుంపటి బయటికి పోవాల్సిందే. పసిబిడ్డకి తల్లి ఒంటి వెచ్చదనం ఉంది, టోపీ ఉంది.

ఇంతకీ ఈ దసరాకి మీ ఇంట్లో నిచ్చెన ఎక్కేదెవరు?