పుస్తకాల నోము

మా యింట్లో నోములకు కొరత లేదు. అత్తయ్యగారు తన కాలంలో పట్టని నోమూ, తీర్చుకోని ఉద్యాపనా లేవు. అంచేత, కిందటి ఉగాదికి హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చిన మా అమ్మాయి, "నేనొక పంతం పట్టానమ్మా, ఏడాదిలో యాభై రెండు పుస్తకాలు చదవాలి" అనగానే, ఆవిడ తాపీగా వక్క నములుతూ, "ఉద్యాపన ఎన్నడే?" అని అడిగారు.

ఈ పంతం మా అమ్మాయి ఒక్కర్తెదే కాదట. దేశదేశాల్లో చదువరులు ఏటా యిలా పూనుకుంటారట. ఏడాదికొక విషయం, నెలకొక షరతు. సముద్రం వచ్చే నవల ఒకటి, అనువాదం ఒకటి, నీలం అట్ట వున్నది ఒకటి! అట్ట రంగు చూసి పుస్తకం ఎన్నుకోవడం నాకు కొత్త. వారానికొకటి చొప్పున చదవడమంటారా, అది మిర్యాలగూడ మిల్లులో బియ్యం బస్తాలు లెక్కపెట్టినట్లుంటుంది గాని చదివినట్లుండదు. "పన్నెండు చాలు. కాని షరతు నాది" అన్నాను.

షరతు యిది: నేరేడుచర్లలో ఉదయం బస్సెక్కితే పొద్దుగూకే లోపల చేరగల వూళ్ళ మనుషులు రాసినవో, ఆ వూళ్ళ కథలో అయివుండాలి. మా అమ్మాయి పెదవి విరిచింది. మన వైపు పన్నెండు పుస్తకాలు దొరుకుతాయా అని దాని అనుమానం. తెలుగు పాఠాలు చెప్పి బతికే తల్లికి యింతకన్న అవమానం వుంటుందా?

చైత్రం నందిగామ వైపు నుంచి మొదలుపెట్టాం. భండారు అచ్చమాంబ కథలు. ఆవిడ 1874లో పుట్టింది. తమ్ముణ్ణి నాగపురంలో తన యింట వుంచుకుని చదివిస్తూ, వాడి పక్కన కూర్చుని తానూ నేర్చుకున్నది. 'ధనత్రయోదశి' కథ అచ్చయినది 1902లో. తొలి ఆధునిక కథ 1910 నాటి 'దిద్దుబాటు' అని మేమంతా పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే! ముప్ఫై ఏళ్ళు నిండీ నిండకుండా 1905లో ఆవిడ పోయింది.

ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు. వైశాఖం ఆయన వ్యాసాలకు యిచ్చాం. కోదాడ నుంచి సూర్యాపేట వెళ్ళే దారిలో మునగాల వస్తుంది, బస్సు ఆగితే పల్లీలు కొనుక్కుంటాం, అంతే గదా మనకు ఆ వూరితో పరిచయం! ఆయన అక్కడి సంస్థానంలో దివాను. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ కృష్ణా జిల్లాకు చెందిన ఆ పరగణా. ఆ రాజా నాయని వెంకట రంగారావు, ఈ దివాను, మరికొందరు చేతులు కలిపితే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టింది. చరిత్ర, శాస్త్రం తెలుగులో చదువుకోవచ్చునని నమ్మించినవాళ్ళు వీళ్ళు.

జ్యేష్ఠంలో రూలు కొంచెం వంచాను. సురవరం ప్రతాపరెడ్డిగారిది పాలమూరు వైపు. అయినా 1934 నాటి 'గోలకొండ కవుల సంచిక' విడిచిపెట్టడానికి మనసొప్పలేదు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు 354 మంది కవులను తెచ్చి నిలబెట్టిన పుస్తకం. ఇది ఆసాంతం చదివేది కాదు సుమండీ, పేజీ తిప్పి మన వూరి పక్క వూరు కనబడుతుందేమో వెతుక్కునేది.

వానాకాలమంతా నవలలు. నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ వూరూరా తిరిగి అమ్మినవాడు. ఆయన 'ప్రజల మనిషి', అసంపూర్తిగా మిగిలిన 'గంగు' వరసగా చదవాలి. ఆ వెంటనే దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు' పట్టుకుంటే కథ తెగదు. ఆయన అన్నగారు కృష్ణమాచార్య 1949లో వచ్చిన తన 'అగ్నిధార'ను వట్టికోటకే అంకితమిచ్చాడు. ఇద్దరూ నిజామాబాదు జైల్లో కలిసి వున్నవాళ్ళు.

రాత్రి భోజనాలయ్యాక నేను పైకి చదివేదాన్ని. అత్తయ్యగారి చదువు నాలుగో తరగతి దాటలేదు, చూపూ ఆనదు. 'చిల్లర దేవుళ్లు' గడీ మాటలు నేను పలికే తీరు ఆవిడకు నచ్చేది కాదు. "అట్లనరు" అని దిద్దేవారు. యం.ఏ. చదివిన నేను దిద్దించుకునేదాన్ని.

పుష్యంలో 'మనకు తెలియని మన చరిత్ర' తెరిచాం. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలను కలిసి, వారి నోటి మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో పుస్తకంగా తెచ్చింది. మూడో రోజు రాత్రి అత్తయ్యగారు చేయెత్తి ఆపమన్నారు.

"మా అమ్మ గూడ జేసింది గదనే యిది."

ఎవరం మాట్లాడలేదు. ఆవిడ పుట్టిల్లు హుజూర్‌నగర్ తాలూకా. మావారి తాతగారు జైలుకు వెళ్ళిన సంగతి మా యింట ప్రతి పెళ్ళిలోనూ చెప్పుకుంటారు. అమ్మమ్మగారు ఏం చేసేదో ఎవరూ అడగలేదు. గంప అడుగున జొన్నరొట్టెలు, పైన పిడకలు, చంకలో ఏడాది నిండని అత్తయ్యగారు. దారిలో పోలీసులు నిలేస్తే బిడ్డను తొడ మీద గిల్లేదట. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే, పొమ్మనేవారట. "నేను గూడ పోరాటంల ఉన్న మరి" అని అత్తయ్యగారు నవ్వారు. మావారు నవ్వలేదు. లేచి వసారాలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డారు. తాతగారి ఫోటో వుంది గాని ఆవిడ ఫోటో మా యింట్లో లేదు.

మాఘంలో మల్లు స్వరాజ్యంగారి 'నా మాటే తుపాకీ తూటా' చదువుతున్నాం. 2019లో వచ్చింది, ఇప్పటికీ సులువుగానే దొరుకుతుంది. పాతవాటికి మాత్రం ఓపిక కావాలి. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద వెతకాలి, పెద్దల బీరువాలు అడగాలి. మేము నాలుగిళ్ళ వాళ్ళం కలిసి ఒక్కొక్క ప్రతి కొని తిప్పుకున్నాం. చివరి అట్ట లోపల ఎవరు ఎన్నడు తీసుకున్నదీ తేదీతో రాశాం. రెండు పుస్తకాలు ఇంకా తిరిగిరాలేదు. ఎవరింట్లో వున్నాయో నాకు తెలుసు.

వచ్చే ఉగాదికి మీరూ పట్టదలచుకుంటే, మీ వూరి బస్సు రూటు చూసుకుని జాబితా వేసుకోండి. మీ చైత్రం వేరు, మా చైత్రం వేరు.

ఫాల్గుణానికి నేను మొదట అనుకున్న పుస్తకం మానేశాను. మా అమ్మాయి సెలవులకు రాగానే రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు కొనుక్కొచ్చి, ఖాకీ అట్ట వేసి, పైన నాయనమ్మ తల్లి పేరు రాసింది. ఇప్పటికి పదకొండు పేజీలయ్యాయి. టీవీలో సీరియల్ వచ్చే వేళకు అత్తయ్యగారు ఠక్కున ఆపేస్తారు, ఎంత బతిమాలినా ఆ పూటకు ఇంక చెప్పరు.