అలీపూర్‌లో ఉన్న అ ఆలను పిల్లల చేతికివ్వండి

కోల్‌కతా జాతీయ గ్రంథాలయం డైరెక్టర్ జనరల్ గారికి,

మా మనవరాలికి అయిదేళ్ళు. తల్లి తెలుగు, తండ్రి బెంగాలీ. నన్ను అమ్మమ్మా అంటుంది, నాన్నమ్మను ఠాకుమా అంటుంది. సరస్వతీ పూజనాడు ఠాకుమా దానికి పలక మీద హాతేఖొడి చేయించింది. అంటే మన అక్షరాభ్యాసమే. సాయంత్రం నేను పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టుకుని ‘అ’ దిద్దించాను. అది ‘ఒ’ అంది. బెంగాలీలో మొదటి అక్షరం పలుకు అదే మరి. తప్పని అనలేదు. ‘ఠాకుమా దగ్గర ఒ, నా దగ్గర అ’ అన్నాను. అంతే, దానికది ఆటైపోయింది.

ఇప్పుడు డాబా మీద సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసి, రెండు భాషల అక్షరాలూ రాస్తున్నాం. బిళ్ళ తెలుగు ‘ఈ’లో పడితే ఈగ. బెంగాలీ ‘ఈ’లో పడితే ఈగొల్, అంటే గద్ద, చేతులు రెక్కల్లా చాపి గెంతాలి. బెంగాలీ అక్షరాలు దండెం మీద బట్టల్లా వేలాడతాయనీ, తెలుగువి జంతికల్లా చుట్టుకుంటాయనీ కనిపెట్టింది అదే. నేను పిండి కలిపిచ్చాను, అక్షరాలు చుట్టింది. ‘ళ’ దగ్గర మాత్రం ఆగింది. ఆ అక్షరం బెంగాలీలో లేదు. ‘కళ్ళు’ అనమంటే ‘కల్లు’ అంటుంది. ఎ, ఏల తేడా కూడా అక్కడ లేదు. ఇవన్నీ నోటితో, బొమ్మతో, ఆటతోనే పట్టుబడాలి.

బెంగాలీ వైపు దానికి ఏ లోటూ లేదు. 1855 నాటి విద్యాసాగరుడి ‘వర్ణపరిచయం’, నందలాల్ బోస్ బొమ్మలతో 1930లో వచ్చిన రవీంద్రుడి ‘సహజ్ పాఠ్’ ఇప్పటికీ దొరుకుతాయి. తెలుగు బొమ్మల వాచకం కావాలంటే మాకు విశాఖ నుంచి రైల్లో ఎవరో ఒకరు తేవాలి.

అందుకే మీకు రాస్తున్నాను. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకానికీ ఒక ప్రతి మీకు పంపాలి. అంటే విజయవాడలో, హైదరాబాదులో అచ్చయిన అక్షరాల పుస్తకాలకు చట్టం చూపించిన ఇల్లు మా కోల్‌కతాలోనే, అలీపూర్‌లో, ఉంది. మీకు తెలుగు విభాగం ఉంది, పిల్లల గ్రంథాలయమూ ఉంది. ఆ రెంటినీ కలపండి. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు ఎంతో సంతోషించాం. కానీ అయిదేళ్ళ పిల్లకు కావలసింది హోదా కాదు, రంగుల బొమ్మ.

ఈ అక్షరాల ఆటకు నెలకో ఆదివారం చాలు. అసలు ప్రతులు బీరువాల్లోనే ఉండనివ్వండి. పేజీలను పెద్దవి చేసి, తెలుగు, బెంగాలీ పక్కపక్కనే నేల మీద పరచండి. పరీక్షలొద్దు, బహుమతులూ వద్దు. టిటాగఢ్ మిల్లుల దగ్గరి తెలుగు పిల్లలూ, న్యూటౌన్ పిల్లలూ కలిసి గెంతుతారు. బిళ్ళలూ సుద్దముక్కలూ మేం తెస్తాం. వచ్చే సరస్వతీ పూజకు మొదలుపెట్టండి. వచ్చి కూర్చునే అమ్మమ్మల్లో నా పేరు ముందు రాసుకోండి.

ఇట్లు,
కోల్‌కతా నుంచి ఒక అమ్మమ్మ