రాగి పండిన ఊరికే రాగి దక్కాలి

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో కొండల నడుమ సిట్టిలింగి లోయ ఉంది. అక్కడ మలయాళి గిరిజనులు, లంబాడీలు వాన మీదే ఆధారపడి సేద్యం చేస్తారు. 1993లో రెజి జార్జ్, లలిత అనే డాక్టర్ల జంట ఆ లోయలో వైద్యం మొదలుపెట్టింది. పిల్లల జబ్బుల వెనుక ఆకలి, ఆకలి వెనుక అప్పుల సేద్యం కనిపించాయి. మందుబిళ్లతో తీరే బాధ కాదది.

తర్వాత రైతులే సంఘం కట్టుకుని సేంద్రియ సేద్యానికి మళ్లారు. చిరుధాన్యాలు పండించి, పిండ్లుగా మార్చి, ‘స్వాద్’ పేరుతో అమ్ముతున్నారు.

మన జహీరాబాద్ దళిత మహిళలు ఇంకో అడుగు ముందుకేశారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో బీడు చెలకలు దున్ని, పండిన జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, పేదిళ్లకు తక్కువ ధరకు అందించారు. సొంత రేషన్ అన్నమాట!

2023 మే నెలలో తమిళనాడు ప్రభుత్వం ధర్మపురి, నీలగిరి జిల్లాల్లో 2 కిలోల రేషన్ బియ్యం బదులు రాగులివ్వడం మొదలుపెట్టింది. మెచ్చుకోవలసిన పని. పాడేరు, ఉట్నూరు ఏజెన్సీల్లోనూ ఇది జరగాలి. అయితే ఆ గింజలు దూరపు గోదాముల నుంచి కాకుండా, అక్కడి గిరిజన సంఘాల నుంచే మద్దతు ధరకు కొనాలి, అక్కడి అంగన్‌వాడీల్లోనే వండాలి.