అనుమతి కాదు, హక్కు

ఇస్కపల్లి, కృష్ణపట్నం వైపు వెళ్ళినప్పుడల్లా ఉప్పుమడుల దగ్గర కాసేపు ఆగడం నాకు అలవాటు. సముద్రపు నీరు, ఎండ, మనిషి చెమట - ఉప్పు పండడానికి కావలసినవి ఈ మూడే. అయినా ఇదే తీరంలో సర్కారు అనుమతి లేకుండా ఉప్పు చేయడం ఒకప్పుడు నేరం. 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకొంది. 1923లో కేంద్ర శాసనసభ కాదన్నా వినకుండా, వైస్రాయి తన ప్రత్యేకాధికారంతో ఉప్పు పన్నును మణుగుకు రూపాయి నాలుగణాల నుండి రెండున్నర రూపాయలకు పెంచాడు. సముద్రం ఉచితంగా ఇచ్చిన దానికి, గంజిలో ఉప్పు కలుపుకొనే నిరుపేద కూడా సుంకం చెల్లించాడు.

1930 ఏప్రిల్ 6న దండిలో గాంధీజీ ఎత్తిన పిడికెడు ఉప్పు వెనుక ఉన్న ప్రశ్న ఇదే: ప్రభుత్వ అధికారం మనిషి వంటింటి వరకూ రావచ్చునా? గాంధీజీ అరెస్టయిన పిమ్మట ధరాసణ సత్యాగ్రహానికి నాయకత్వం వహించబోయి జైలుకు వెళ్ళినవారు అబ్బాస్ త్యాబ్జీ సాహెబ్. బరోడా ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఆ పెద్దాయనకు అప్పటికి 76 ఏళ్ళు. ఉప్పు పన్ను 1947లో రద్దయింది. కాని ఆ ప్రశ్న రద్దు కాలేదు.

స్వతంత్ర భారతంలో అది పాస్‌పోర్టు రూపంలో మళ్ళీ తలెత్తింది. 1967 వరకు పాస్‌పోర్టు ఇవ్వడానికి, నిరాకరించడానికి మన దేశంలో సరైన చట్టమే లేదు. అంతా ప్రభుత్వం దయ. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారిని పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చివేయమన్నప్పుడు ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1967 ఏప్రిల్ 10న ముగ్గురు న్యాయమూర్తుల మెజారిటీ తీర్పు ఆయన పక్షాన వచ్చింది. విదేశయానం రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, చట్టం లేకుండా దానిని అడ్డగించరాదనీ ఆ తీర్పు చెప్పింది. దానిని వెలువరించినవారు రాజమహేంద్రవరంలో పుట్టిన మన తెలుగువారు, నాటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. ఆ ఏడాదే పార్లమెంటు పాస్‌పోర్టు చట్టం చేసింది. నిరాకరిస్తే కారణం వ్రాయాలి. ఆ నిర్ణయంపై అప్పీలుకు అవకాశం ఉండాలి.

ఇది పుస్తకాలలో ఉండిపోయే న్యాయసూత్రం కాదు. తరువాతి దశకాలలో నెల్లూరు, కడప జిల్లాల నుండి మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కువైట్‌కు, సౌదీకి, దుబాయికి వెళ్ళారు. పూరిపాకల స్థానంలో మిద్దెలు లేచాయి. చెల్లెళ్ళ నిఖాలు జరిగాయి. ఇంట్లో తొలిసారిగా ఒక ఆడబిడ్డ కాలేజీ మెట్లెక్కింది. ఆ రెక్కల కష్టం వారిదే. ఏ పథకమూ వారిని విమానం ఎక్కించలేదు. ప్రభుత్వం చేయవలసిందల్లా దారికి అడ్డు నిలవకుండా ఉండడమే. మనిషి పురోగతికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం: ఎవరి ప్రాపకమూ లేకుండా తన కాళ్ళపై తాను నడవగలగడం.

ఈ మాట చెప్పే అర్హత నాకు ఒక తప్పు నుండి వచ్చింది. దశాబ్దాల పాటు నేను ప్రభుత్వ గుమాస్తాను. ఒకసారి బీసీ-ఇ ధ్రువపత్రం కోసం ఒక విద్యార్థి మా కార్యాలయానికి వచ్చాడు. నేను కాదనలేదు, లంచం అడగలేదు. "రేపు రా నాయనా" అన్నానంతే. నాలుగు సార్లు అన్నాను. అయిదోసారి అతని తండ్రి వచ్చి, "సీటు గడువు దాటిపోయింది సార్, ఇక కాగితం అక్కరలేదు" అని నమస్కరించి వెళ్ళిపోయాడు. ఆయన కోపగించుకొని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. నేను దుర్మార్గుణ్ణి కాను. కాని ఆ పత్రం అతని హక్కన్న సంగతి మరచి, నా చేతిలోని మేలు అనుకొన్నాను. హద్దులేని అధికారం మంచివాడి చేతిలో కూడా ఇంత కీడు చేస్తుంది. కనుక మంచి అధికారి కోసం దుఆ చేయడంతో సరిపెట్టుకోక, అధికారానికి గడువు, కారణం, అప్పీలు అనే మూడు కట్టుబాట్లు కోరాలి.

అల్పసంఖ్యాకులకు ఈ కట్టుబాట్లు మరింత అవసరం. బలవంతుడికి పలుకుబడి ఉంటుంది. మనకు ఉన్నది చట్టమే. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు, నిందితుడన్న కారణంతో ఎవరి ఇంటినీ కూల్చే అధికారం యంత్రాంగానికి లేదనీ, కూల్చివేతకు ముందు 15 రోజుల నోటీసు తప్పనిసరి అనీ చెప్పింది. 2025 వక్ఫ్ సవరణ చట్టం, వక్ఫ్ చేయదలచినవాడు అయిదేళ్ళుగా ఇస్లాంను ఆచరిస్తున్నట్లు చూపాలన్నది. ఒక ఆస్తి వక్ఫుదా, ప్రభుత్వానిదా అన్న తగవును ప్రభుత్వాధికారే తేల్చాలన్నది. తగవులో ఒక పక్షమే తీర్పరి కావడం ఏ ఊరి పంచాయితీలోనూ చెల్లదు. ఆ ఏడాది సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఈ రెంటినీ నిలిపివేసింది. అయితే అది మధ్యంతర ఉత్తర్వు మాత్రమే. మన జాగరూకత సడలరాదు.

ప్రభుత్వమే వద్దని నేననడం లేదు. తుఫాను రాత్రి తీరవాసులను సురక్షిత స్థలానికి చేర్చేది ప్రభుత్వమే. బడి, ఆసుపత్రి, స్కాలర్‌షిప్ మనకు కావాలి. అవి దయాభిక్షగా కాక చట్టప్రకారం అందాలి. ఇచ్చే చేయి మన ఇంటి గడియ తీయరాదు.

ఇక మనలో మనం మాట్లాడుకోవలసినది ఒకటి ఉంది. సర్కారును లెక్క అడిగే మనం మసీదు కమిటీని, ముతవల్లీని లెక్క అడుగుతున్నామా? వక్ఫ్ దుకాణాల అద్దె ఎంత, ఎవరికి, ఎన్నేళ్ళకు ఇచ్చారో గోడమీద వ్రాయించగలమా? చదువుతానన్న కూతురి మాట వినకుండా పెళ్ళి నిశ్చయించే పెద్దరికం, కారణం చెప్పకుండా ఫైలు తొక్కిపెట్టే అధికారం ఒక తాను గుడ్డలే. స్వేచ్ఛను బయటివారి నుండి కోరి, ఇంట్లోవారికి నిరాకరించేవాడి వాదానికి బలం ఉండదు.

ప్రతి మొహల్లాలో చదువుకొన్న నలుగురు కూర్చొని రెండు పనులు మొదలుపెట్టండి. వారానికొక రోజు దరఖాస్తులు వ్రాసిపెట్టండి. ప్రతిదానికీ రసీదు తీసుకోవడం, గడువు దాటితే సమాచార హక్కు చట్టం కింద కారణం అడగడం నేర్పండి. మసీదు, వక్ఫ్ జమాఖర్చులు ఏటా జమాతు ముందు చదివించండి. ఆనాడు ఉప్పు చేసుకోవడానికి అనుమతి అక్కరలేదని చెప్పడానికి ఒక ముసలి న్యాయమూర్తి జైలుకు వెళ్ళారు. మనం వెళ్ళవలసింది కార్యాలయం మెట్ల వరకే. చేతులు కట్టుకొని కాదు, రసీదు చేత పట్టుకొని.