విధేయతకు ముందు లెక్క

నెల్లూరు తీరం వెంట సాగే బకింగ్‌హామ్ కాలువ మన క్రైస్తవ సంఘాలకొక పాఠమని నా అభిప్రాయం. 1876-78 కరువులో, నాటి నెల్లూరు జిల్లాలోని ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువ తవ్వకంలో కొంతభాగం గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి పనీ కూలీ ఇచ్చాడు. బాప్తిస్మం అడిగినవారిని మాత్రం సహాయం ముగిసేదాకా ఆగమన్నాడు. కూటి కోసం వచ్చిన విశ్వాసమన్న మాట రారాదని. ఆ తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను వేదికలెక్కి చాటుతాం. దాని వెనుకనున్న నిగ్రహాన్ని మరుస్తాం.

నేడు కానుకల లెక్క అడిగిన విశ్వాసికి కొన్ని సంఘాల్లో దొరికే జవాబు, "విధేయత నేర్చుకో" అని. యెరూషలేము పేదలకు చందా పంపుతూ పౌలు, తనపై నింద రాకుండా, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి తీతుకు తోడుగా పంపాడు. అపొస్తలునికే అవసరమైన సాక్షి మన కాపరికి అక్కరలేదా?

ప్రశ్నిస్తే నమ్మకం చెడుతుందంటారు. చెడేది ప్రశ్నవల్ల కాదు, దాపరికంవల్ల. కూలితల్లి వేసిన కానుకతో జరిగే ప్రేమవిందులో అతిథి ప్రసంగీకునికి మొదటి పంక్తి, ఆమెకు చివరి పంక్తి అయితే, అది ఆతిథ్యమెలా అవుతుంది?

విధేయత దేవునికి చెల్లాలి, లెక్క సంఘానికి చెప్పాలి. గృహనిర్వాహకుడు ఇంటి యజమాని కాడు.