బేస్ వాయించిందెవరు?

పాట మీద వ్యాసమంటే మనకి సాహిత్యం, గాత్రం, మహా అయితే ఓ రాగం పేరు. ఇళయరాజాని నెత్తిన పెట్టుకునేవాళ్ళలో ఎందరికి ఆయన బేస్ గిటారిస్టు శశిధరన్ పేరు తెలుసు?

ఆత్మకూరు నుంచి అనుమసముద్రంపేట వచ్చే బస్సులో నాకూ వినపడలేదు లెండి. ఆ డొక్కు స్పీకర్లలో 41 హెర్ట్జ్ తీగ ఎక్కడ పలుకుతుంది! ఇంజినీరింగ్‌లో హెడ్‌ఫోన్స్ కొన్నాక తెలిసింది, పల్లవి కింద ఇంకో పాట నడుస్తోందని.

రాజా నొటేషన్ రాసిస్తారు కాబట్టి వాయించినవాడిది కూలిపనేనట. మరి మన నెల్లూరు బాలు పాడిందీ ఇంకొకరు కట్టిన వరసే కదా? ఆయన్ని కూలీ అనగలరా?

రెహమాన్ తన ఆల్బమ్‌ల అట్టల మీద కీత్ పీటర్స్ లాంటి వాద్యకారుల పేర్లు వేయించాడు. మిన్నేం విరిగి మీద పడలేదు. క్యాసెట్ అట్టకి చోటు తక్కువ, సరే. సమీక్షకులకేం తక్కువైంది?